మన్ననూరు అడవిలో క్లచ్ వైరు

శనివారం శ్రీశైలం బస్సు సంగతి తెలిసిందే కదా, కల్వకుర్తి దాకా నిలబడే వెళ్లాను. మన్ననూరులో దిగి గట్టి ఇడ్లీలు రెండు తింటే నలభై రూపాయలు తీసుకున్నారు. ఆ చిరాకు తగ్గకముందే నడక మొదలైంది. అమ్రాబాద్ టైగర్ రిజర్వులో వేటగాళ్లు పెట్టిన ఉచ్చులు ఏరడానికి వచ్చిన వాలంటీర్లం ఆరుగురం, అటవీశాఖ బీట్ ఆఫీసరు ఒకరు, అందరికన్నా ముందు చెంచు వాచర్ ఒకాయన.

పులి అడుగులు చూస్తామనుకున్నాను. తీరా చూస్తే పొదల సందుల్లోకి తొంగిచూస్తూ నడవడమే పని. ఫిబ్రవరి, ఆకు రాలింది, కుంటలు ఎండుతున్నాయి. నీళ్లు మిగిలిన చోటికే జంతువులన్నీ వస్తాయి, ఆ సంగతి వేటగాళ్లకూ తెలుసు.

ఒకచోట వాచర్ నాకు చేయి అడ్డం పెట్టి "ఆగు సారూ" అన్నాడు. నాకేమీ కనబడలేదు, వేలు పెట్టి చూపించాక తెలిసింది, బైకు క్లచ్ వైరు. ఒక కొస చెట్టు మొదలుకు కట్టి, రెండో కొసకు జారుముడి వేసి మోకాలెత్తున వేలాడదీశారు. దుప్పి ఇంకో దారి పట్టకుండా రెండు పక్కలా ముళ్లకంప పేర్చారు. మెడ దూరితే గుంజినకొద్దీ బిగుస్తుంది. "దుప్పికని పెడతరు. పులి వచ్చినా ఎలుగు వచ్చినా వైరుకు తెలుస్తదా?" అన్నాడు. ఆ చెట్టు బెరడు చుట్టూ ఒరుసుకుపోయి ఉంది. ఇంతకుముందే ఏదో పడి చాలాసేపు పెనుగులాడిందట. నేను చేయి పెట్టి చూశాను, గాడి నా వేలు పట్టేంత లోతు.

చిన్నప్పుడు మా మేనమామ పల్లీ చేను చుట్టూ రాత్రిళ్లు కరెంటు తీగ పెట్టేవాడు. పందులు ఒక్క రాత్రిలో పంటంతా తవ్విపోసేవి, అదీ నిజమే. తెల్లారి పంది పడితే వాడంతా పండగ, నేనూ తిన్నాను. ఆ తీగ మీద ఇంకేం పడ్డాయో ఎప్పుడూ అడగలేదు.

సాయంత్రానికి ఐదు ఉచ్చులు దొరికాయి. రిజర్వు 2,611 చదరపు కిలోమీటర్లు, మేము చూసింది ఒక్క వాగు గట్టు. వాచర్ మాత్రం రేపూ నడవాలి. వైర్లన్నీ చుట్టి సంచిలో వేసుకున్నాడు, పడేస్తే మళ్లీ వాళ్లకే పనికొస్తాయని.

రాత్రి తొమ్మిదికి చెక్‌పోస్టు మూసేస్తారు కాబట్టి శ్రీశైలం నుంచి వచ్చే బస్సు ముందే దొరికింది. అచ్చంపేట దాటాక మామయ్యకు ఫోన్ చేశాను, తీగ ఇంకా పెడుతున్నావా అని. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"పందులు ఆగుతలేవురా" అన్నాడు.