మూడు సంతకాలు

2016లో, అమెరికాలో నేను పనిచేస్తున్న కర్మాగారం విదేశాల నుంచి చవకగా దిగుమతైన సరుకుతో పోటీపడలేక మూతపడింది. యాజమాన్యం పట్టించుకోకపోయినా, ముగ్గురు కార్మికులు సంతకం చేసి ఏడాదిలోగా సమాఖ్య కార్మిక శాఖకు అర్జీ పెట్టుకోవచ్చునని తోటి కార్మికురాలు ఒకామె చెప్పేదాకా, కెనెడీ హయాంలో 1962లో మొదలై 1974 వాణిజ్య చట్టంతో విస్తరించిన, దిగుమతుల వల్ల పని పోగొట్టుకున్నవారికి సాయపడే ‘ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్’ పథకం గురించి నాకు తెలియనే తెలియదు. ఆ మూడు సంతకాలలో ఒకటి నాది.

దిగుమతుల వల్లే మా ఉపాధి పోయిందని శాఖ నిర్ధారించాక, నా శిక్షణ ఖర్చును ప్రభుత్వమే భరించింది. నిరుద్యోగ భృతి గడువు తీరిన తరువాత కూడా, శిక్షణ కొనసాగుతున్నందున వారం వారం భత్యం అందింది. యాభై ఏళ్లు దాటి, తక్కువ జీతానికి కొత్త పనిలో చేరినవారికి పాత, కొత్త జీతాల తేడాలో సగం వరకు, రెండేళ్లలో గరిష్ఠంగా 10,000 డాలర్లు ఇచ్చేవారు. అయితే శిక్షణలో చేరడానికి ఉన్న 26 వారాల గడువు, ఇంకా దిగులు నుంచి తేరుకోని మనిషికి చాలా తక్కువ. అది దాటిపోయి భత్యం కోల్పోయినవారిని తలచుకుంటే నాకు నేటికీ బాధగా ఉంటుంది.

చట్టం గడువు ముగియడంతో 2022 జూలై 1 నుంచి కొత్త అర్జీలకు ఆమోదం నిలిచిపోయింది. అంతకుముందే అర్హత పొందినవారికి మాత్రమే సాయం కొనసాగింది. ఇటీవల నాలాగే పని పోగొట్టుకున్న ఒక మిత్రుడు ఆ అర్జీ పత్రం ఎక్కడ దొరుకుతుందని అడిగినప్పుడు, ఈ మాటే చెప్పవలసి వచ్చింది.