రెండు గంటలకు ఇంటర్వ్యూ

అక్టోబర్ వచ్చిందంటే మా ఆఫీసులో హెచ్‌ఆర్ నుంచి ఒక మెయిల్ వస్తుంది. మీకు స్ఫూర్తినిచ్చిన నల్లజాతి వ్యక్తి గురించి అయిదు నిమిషాలు మాట్లాడండి, శుక్రవారం మధ్యాహ్నం, పిజ్జా ఖర్చు కంపెనీది. నల్లజాతివాళ్ల చరిత్రను తలుచుకునే ఈ బ్లాక్ హిస్టరీ మంత్ అమెరికాలో ఫిబ్రవరిలో, బ్రిటన్‌లో 1987 నుంచీ అక్టోబర్‌లో. బ్రిస్టల్ వచ్చిన కొత్తలో నేను పిజ్జా కోసమే పేరిచ్చాను. గురువారం రాత్రి అన్నం కుక్కర్లో పెట్టి, అది ఉడికేలోపు స్లయిడ్ చేసేశాను. ఒకవైపు గాంధీగారు, ఇంకోవైపు వాషింగ్టన్ సభలో మార్టిన్ లూథర్ కింగ్, కింద తేదీ: 28 ఆగస్టు 1963. ఇలాంటి చోట మనవాళ్ల రెడీమేడ్ జవాబు అది.

నాకంటే ముందు పేరోల్‌లో పనిచేసే పెద్దావిడ లేచింది. అమ్మానాన్నలు జమైకా నుంచి వచ్చారు, ఆవిడ పుట్టి పెరిగింది ఇక్కడి సెయింట్ పాల్స్ పేటలో. స్లయిడ్ లేదు, కాగితం లేదు. "ఇవాళ బస్సులో వచ్చినవాళ్లెవరు?" అంది. అరడజను చేతులు లేచాయి, నాదీ లేచింది. "అరవై మూడు మొదట్లో అయితే ఆ బస్సులో టికెట్లు కొట్టే ఉద్యోగం మా నాన్నకూ ఇచ్చేవాళ్లు కాదు, నీకూ ఇచ్చేవాళ్లు కాదు" అంది నా వైపు తిరిగి.

బ్రిస్టల్ బస్సుల కంపెనీ నల్లవాళ్లను, ఆసియా వాళ్లను వర్క్‌షాపులో, క్యాంటీన్‌లో పెట్టుకునేదట. బస్సెక్కి టికెట్లు కొట్టడానికి, స్టీరింగ్ పట్టుకోవడానికి మాత్రం ససేమిరా. పైగా 1955లో అక్కడి యూనియన్ వాళ్లే అలా తీర్మానం చేసుకున్నారు. జీతాలు తక్కువ, ఓవర్‌టైమ్ మీదే ఇల్లు గడిచేది. కొత్తవాళ్లొస్తే అదీ పోతుందని భయం.

పాల్ స్టీఫెన్‌సన్ అనే యువకుడు ఆ సంగతి బయటపెట్టాలని గై బెయిలీ అనే జమైకా కుర్రాడికి ఇంటర్వ్యూ ఇప్పించాడు. అది మధ్యాహ్నం రెండింటికి. ఆ రోజు జరిగింది బెయిలీ తర్వాత చాలాసార్లు చెప్పాడు. రిసెప్షన్‌లో ఉన్నావిడ లోపలికి వెళ్లి, మీ రెండు గంటల మనిషి వచ్చాడు, కానీ నల్లవాడు అని చెప్పింది. అయితే ఇంటర్వ్యూ దండగని లోపలి నుంచే కేకేశారు. పెద్దావిడ ఆ కేకను గొంతు మార్చి అనుకరిస్తే కొందరు నవ్వబోయి ఆగిపోయారు.

ఏప్రిల్ 30న ఆ కంపెనీ బస్సుల బహిష్కరణ మొదలైంది. రాయ్ హ్యాకెట్, ఓవెన్ హెన్రీ లాంటి వెస్టిండీస్ వాళ్లు ముందుండి నడిపారు, యూనివర్సిటీ విద్యార్థులు ఊరేగింపు తీశారు. ఒకప్పటి వెస్టిండీస్ క్రికెటర్ లియరీ కాన్‌స్టాంటైన్ అప్పుడు ట్రినిడాడ్ హైకమిషనర్, ఆయనా కంపెనీని బహిరంగంగా తప్పుపట్టాడు. నాలుగు నెలలకు కంపెనీ దిగొచ్చింది.

"సెప్టెంబర్ 17న మొదటి కండక్టర్ బస్సెక్కాడు. ఎవరో తెలుసా?" అని ఆగింది. అందరం గై బెయిలీ అనే అనుకున్నాం. కాదు. రఘ్‌బీర్ సింగ్, మన సర్దార్జీ! జమైకా వాళ్లు ఆ తర్వాత కొద్ది రోజులకు చేరారు.

నాకు ముద్ద దిగలేదు. తలుపు బద్దలు కొట్టింది వాళ్లు, ముందు లోపలికెళ్లింది మనవాడు. ఆవిడ గొంతులో మాత్రం నిష్ఠూరం ఏమీ లేదు.

నా వంతు వచ్చింది. స్లయిడ్ తెరమీద పడగానే వెనక నుంచి ఆవిడే, "ఆ తేదీ చదువు" అంది. చదివాను. "మా బస్సుల కంపెనీ ఒప్పుకున్నదీ ఆ రోజే" అంది. రాత్రి కాపీ కొట్టి అతికించిన తేదీ అది. గాంధీగారి గురించి బట్టీపట్టిన రెండు వాక్యాలు చెప్పి కూర్చున్నాను.

ఇంకో సంగతి అక్కడ చెప్పలేకపోయాను. ఇల్లు వెతికేటప్పుడు ఒక ఏజెంటు ఫోన్‌లో ఫ్లాట్ ఖాళీ అన్నాడు, నా పేరు స్పెల్లింగ్ చెప్పగానే ఇప్పుడే అయిపోయిందన్నాడు. రెండ్రోజులు మండిపోయాను. అదే వారం మన తెలుగు వాట్సాప్ గ్రూపులో ఎవరో "సెయింట్ పాల్స్ వైపు వద్దు బ్రో, అంతా నల్లోళ్లు" అంటే, థ్యాంక్స్ అని రిప్లై పెట్టి ఆ పేటను లిస్టులోంచి కొట్టేశాను. ఇల్లు అద్దెకివ్వడంలో, ఉద్యోగమివ్వడంలో రంగు చూడటం చట్టవిరుద్ధమని 1968లో చట్టం వచ్చింది. అంతకుముందు 1965లో రంగు వివక్ష మీద వచ్చిన తొలి చట్టానికి ఈ బస్సుల గొడవ ఊతమిచ్చిందంటారు. ఏజెంటు మీద అరవడానికి నాకున్న హక్కు ఎక్కడి నుంచి వచ్చిందో అప్పటిదాకా ఆలోచించలేదు.

ఆ ఆదివారం సెయింట్ పాల్స్ వెళ్లాను. ఇళ్ల పక్కగోడల మీద నిలువెత్తు బొమ్మలు, హ్యాకెట్‌దీ ఉంది. తిరుగు ప్రయాణంలో దిగేటప్పుడు అందరిలాగే "చీర్స్ డ్రైవ్" అన్నాను. ఈ ఊళ్లో బస్సు దిగేవాళ్లు డ్రైవర్‌కి అలా చెప్పి దిగుతారు.

రాత్రి ఆ బొమ్మ ఫొటోను, కింద కథంతా టైప్ చేసి, మన గ్రూపులో పెట్టాను. నాలుగు దండం ఎమోజీలు వచ్చాయి. అయిదో మెసేజ్: "బ్రో, ఆ ఏరియాలో రెంట్లు ఎలా ఉన్నాయి?"