అడవి నేలపై ఎండుదుంగల కొలత: ఈ విడత పురోగతి

నేలపై టేపును కొలత గీతగా పరచి, దాన్ని దాటే దుంగలను మాత్రమే కొలిచి, అడవిలో పడి ఉన్న కలపను అంచనా వేస్తున్నాను. ఈ విడతలో ఆ గీతను త్రిభుజంగా మార్చాను. గాలివానకు చెట్లన్నీ ఒకే దిక్కుకు కూలిన చోట, గీత వాటికి సమాంతరంగా పడితే ఎన్ని దుంగలున్నా లెక్కకు రావు. అందుకే ఒక్కో భుజం 20 మీటర్లుండేలా దిక్సూచితో సమబాహు త్రిభుజం నిలిపి, మొత్తం 60 మీటర్ల టేపు వెంట నడుస్తున్నాను.

నరికివేత తర్వాత మిగిలిన కలపను అంచనా వేయడానికి పరిశోధకులు వారెన్, ఓల్సెన్‌లు 1964లో ప్రకటించిన ఈ గీత పద్ధతిని, 1968లో మరో పరిశోధకుడు వాన్ వాగ్నర్ అడవి మంటలకు ఇంధనమయ్యే కట్టెను లెక్కించడానికి మలచారు. దుంగ పొడవు కొలవనవసరం లేకపోవడమే ఇందులోని గొప్ప సౌలభ్యం. దుంగ నడిమి అక్షం టేపును దాటిన చోట, ఆ అక్షానికి లంబంగా వ్యాసం కొలిస్తే చాలు. కొన మాత్రమే టేపును తాకి అక్షం దాటకపోతే దానిని వదిలేయాలి. వంకర కొమ్మ రెండుసార్లు దాటితే రెండుసార్లూ రాయాలి. నేను 10 సెంటీమీటర్లకు తక్కువైన వాటిని ఈ లెక్కలో చేర్చడం లేదు.

సెంటీమీటర్లలోని వ్యాసాల వర్గాలను కూడి, 1.2337తో గుణించి, గీత పొడవు మీటర్లతో భాగిస్తే హెక్టారుకు ఘనపు మీటర్లు నేరుగా వస్తాయి. ఈసారి 12, 15, 22, 31 సెంటీమీటర్ల దుంగలు తగిలాయి. వర్గాల మొత్తం 1814, ఫలితం 37.3. అయితే 31 సెంటీమీటర్ల దుంగ ఒక్కటి లేకపోతే ఆ సంఖ్య 17.5కు పడిపోయేది. వ్యాసం వర్గమవుతుంది కనుక ఒక్క పెద్ద మాను లెక్కనంతా తలకిందులు చేయగలదు. ఒకే త్రిభుజపు ఫలితాన్ని అడవి మొత్తానికి ఆపాదించడం తగదు.

నా దృష్టిలో ఘనపరిమాణం కంటే కుళ్ళు దశే అడవి స్థితిని బాగా చెబుతుంది. బెరడు గట్టిగా అంటుకుని ఉన్న దుంగ మొదటి దశ. బెరడు ఊడుతుంటే రెండవది. బెరడు చాలావరకు పోయి, కలప మెత్తబడినా ఆకారం నిలిస్తే మూడవది. నేలకు అణగి చేతికి ముక్కలుగా వస్తే నాలుగవది. పొడిగా మారి మట్టిలో కలుస్తుంటే ఐదవది. అన్నీ మొదటి దశలోనే ఉంటే ఇటీవలే ఏదో ఉపద్రవం జరిగి ఉండవచ్చు. అన్నీ చివరి దశల్లోనే ఉంటే కొత్తగా దుంగలు చేరడం ఆగిందని అనుమానించాలి. ఒక్కో దశలో వేర్వేరు పురుగులు, శిలీంధ్రాలు బతుకుతాయి కాబట్టి అన్ని దశలూ పక్కపక్కనే ఉండడం నాకు నిజంగా సంతోషం కలిగించే దృశ్యం. అణగిన దుంగలకు వెడల్పును ఎత్తుతో గుణించి, ఆ లబ్ధాన్ని వ్యాసపు వర్గం స్థానంలో వేస్తున్నాను.

నిలిచి ఉన్న మోడులు ఈ గీతకు అందవు. వాటిని త్రిభుజం మధ్య నుండి నిర్ణీత వ్యాసార్ధంలో విడిగా లెక్కించి, మూలల్లో గుర్తుమేకులు దిగగొట్టి, అవే దుంగలను తర్వాతి విడతలో మళ్ళీ కొలవాలన్నది ఇప్పటి ప్రణాళిక.