తుంటి కండరాల లాగ్: ఏ వ్యాయామానికి ఏది పలుకుతోంది

కోనసీమలో కాలువ గట్ల మీద పరుగెత్తేవాళ్ళకి తుంటి పక్క కండరం గట్టిగా ఉండి తీరాలి. గట్టు ఎక్కడో ఒకచోట ఒక పక్కకి వాలే ఉంటుంది. ఒంటికాలి మీద బరువు పడిన ప్రతిసారీ నడుము రెండోవైపు జారిపోకుండా పట్టుకునేది గ్లూటియస్ మీడియస్. ఈ నెల సాధనంతా దాని మీదే.

2009లో 21 మంది ఆరోగ్యవంతులకి ఈఎంజీ (కండరంలోని విద్యుత్ సంకేతాన్ని కొలిచే పరీక్ష) పెట్టి 12 వ్యాయామాలు పోల్చారు. కండరాన్ని శక్తికొద్దీ బిగించినప్పుడు వచ్చే సంకేతాన్ని 100 అనుకుంటే, పక్కకి తిరిగి పడుకుని పై కాలు ఎత్తినప్పుడు మీడియస్ 81 శాతం పలికింది. ఒంటికాలి స్క్వాట్‌కి 64, కాళ్ళకి సాగే రబ్బరు బ్యాండు కట్టుకుని పక్కకి అడుగులేస్తే 61. అందరూ ముందు నేర్పే క్లామ్‌షెల్ (పక్కకి పడుకుని, మోకాళ్ళు మడిచి, పై మోకాలిని తెరిచేది) 40 దగ్గరే ఆగింది. అందుకే నాకు క్లామ్‌షెల్ ఇప్పుడు వార్మప్ మాత్రమే. మోకాలి నొప్పితో కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి మాత్రం అదే మంచిది.

కాలు ఎత్తడం చూడ్డానికి తేలిక, కానీ చేసే తీరులోనే అంతా ఉంది. వీపు, పిరుదులు గోడకి ఆనించి, మడమ గోడ వెంబడే పైకి జారేలా ఎత్తుతున్నాను. కాలివేళ్ళు ఎదురుగానే ఉండాలి. కాలు ముందుకి వచ్చినా, వేళ్ళు పైకప్పు వైపు తిరిగినా ప్యాంటు జేబు దగ్గరుండే కండరం పని లాగేసుకుంటుంది. అక్కడ వేలు పెట్టి చూస్తే గట్టిపడటం తెలుస్తుంది. పైన రెండు సెకన్లు ఆపి, నెమ్మదిగా దించాలి.

బ్యాండుకి పాత సైకిల్ ట్యూబు కోసి ముడేశాను. మోకాళ్ళ పైన కడితే తేలిక, చీలమండల దగ్గర కడితే తుంటికి పని బాగా పెరుగుతుంది. అడుగులేసేటప్పుడు మోకాళ్ళు లోపలికి పడకూడదు.

బ్రిడ్జ్‌లో (వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తేది) తొడ వెనక పట్టేస్తుంటే మడమల్ని పిరుదుల దగ్గరికి లాక్కోండి. హ్యామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) మీద భారం తగ్గి, పిరుదుల్లోని పెద్ద కండరం గ్లూటియస్ మాక్సిమస్ ముందుకొస్తుంది. నాకు ఆ తేడా వెంటనే తెలిసింది.

ఈఎంజీ అంకె ఎక్కువగా ఉన్నంత మాత్రాన బలం అంతే పెరుగుతుందని కాదు. ఆ క్షణంలో కండరం ఎంత పలికిందో మాత్రమే అది చెబుతుంది. బలం రావాలంటే బరువు పెంచుకుంటూ పోవాలి. వానలకి గట్టు బురదగా ఉంది కాబట్టి వచ్చే నెల వరండాలోనే ఒంటికాలి డెడ్‌లిఫ్ట్ (ఒంటికాలి మీద నిలబడి తుంటి దగ్గర ముందుకి వంగి లేవడం) మొదలుపెడతాను. అదే అధ్యయనంలో దానికి మాక్సిమస్ 59, మీడియస్ 58 శాతం పలికాయి. చేతిలో బరువుకి ముందు ఐదు లీటర్ల నీళ్ళ క్యాను, ఆ తర్వాత పది లీటర్లది.