రోహిత్ అన్న రాసిపెట్టిన లెక్క

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తూ ఆత్మహత్య చేసుకున్న దళిత స్కాలర్ రోహిత్ వేముల చివరి ఉత్తరం అనగానే చాలామందికి నక్షత్రాలు గుర్తొస్తాయి. అమెరికా ఖగోళ శాస్త్రవేత్త కార్ల్ సాగన్‌లాగా సైన్స్ రచయిత కావాలనుకున్నానని అందులో రాశాడు. నాకు మాత్రం ముందు అందులోని డబ్బు లెక్కే గుర్తొస్తుంది. ఏడు నెలల ఫెలోషిప్ 1 లక్షా 75 వేలు రావాలి, అది మా ఇంటివాళ్లకు అందేలా చూడండి అన్నాడు. ఒక స్నేహితుడికి 40 వేల దాకా ఇవ్వాలి, అతను ఎప్పుడూ తిరిగి అడగలేదు, అయినా అందులోంచి ఇచ్చేయండి అన్నాడు.

2016 జనవరి 17న అన్న చనిపోయాడు. ఇంకో 13 రోజులైతే 27 నిండేవి. నేనప్పుడు గుంటూరులో డిగ్రీ చదువుతున్నాను. అన్నదీ మా ఊరే. వాళ్లమ్మ రాధిక గారు మిషను కుట్టి పిల్లల్ని చదివించారు. మా అమ్మ కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్లేది. ఆ వారం టీవీ చూస్తూ, మంట పుట్టే చేతులకు కొబ్బరినూనె రాసుకుంటూ అడిగింది: "ఏడు నెలలు డబ్బు రాకపోతే ఆ పిల్లాడు ఏం తిన్నాడే?"

నాకు జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వచ్చాకే ఆ ప్రశ్న పూర్తిగా అర్థమైంది. అన్న రోజుల్లో అది నెలకు 25 వేలు. మాలాంటి ఇళ్లలో అది ఒక్కరి ఖర్చుకు కాదు. అద్దె, చెల్లి ఫీజు, చీటీ, అన్నీ దాంట్లోంచే. నేను చదివిన చోట ఒకసారి ఫెలోషిప్ ఆగిపోతే రూమ్మేట్ దగ్గర అప్పు చేశాను. తను ఒక్కసారి కూడా అడగలేదు. అడగలేదు కాబట్టే తన ఎదురుగా కొత్త చున్నీ వేసుకోవాలన్నా మనసొప్పేది కాదు. ఆ 40 వేలను అన్న ఎంతకాలం మోశాడో!

రోహిత్ అన్న హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోనే ఎమ్మెస్సీ చేసి, అక్కడే పీహెచ్‌డీలో చేరాడు. అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్‌లో పనిచేశాడు. ఏబీవీపీ విద్యార్థి సంఘం నాయకుడితో గొడవ కేసులో అన్నతో కలిపి ఐదుగురు దళిత స్కాలర్లను హాస్టల్ నుంచి వెళ్లగొట్టారు. జనవరి చలిలో క్యాంపస్ షాపింగ్ కాంప్లెక్స్ దగ్గర టెంటు వేసుకుని పడుకున్నారు. దానికి వెలివాడ అని పేరు పెట్టుకున్నారు.

పోయాక కూడా ఆ ఇంటిని వదల్లేదు. అసలు దళితుడేనా అని ఏళ్ల తరబడి తవ్వారు. 2024 మేలో కేసు మూసేస్తూ పోలీసులిచ్చిన క్లోజర్ రిపోర్టు దళితుడు కాదని తేల్చింది. ఆ తర్వాత డీజీపీ మళ్లీ దర్యాప్తు అన్నారు. బిడ్డను పోగొట్టుకున్న తల్లిని కులం రుజువు చేసుకోమనడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆవిడ మాత్రం అక్కడే ఆగలేదు. 2019లో ముంబైలో చనిపోయిన వైద్య విద్యార్థిని పాయల్ తడ్వీ వాళ్లమ్మతో కలిసి, యూనివర్సిటీల్లో కుల వివక్షను ఆపాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఇది చదివే స్కాలర్లలో ఎవరికైనా ఫెలోషిప్ ఆగి ఉంటే, ఒక్కరే కూర్చుని టెన్షన్ పడొద్దు. ఎవరికి ఎంత ఇవ్వాలో, ఇంటికి ఎంత పంపాలో నోరు తెరిచి చెప్పండి. పక్క రూములో చెప్పండి, గైడుకు చెప్పండి. నాకు రాయండి, ఆఫీసుకు నేనూ వస్తాను.