ఊడిన మైలిన్ మళ్ళీ చుట్టుకునేదాకా

పాదాల్లో తిమ్మిరి మొదలైన నాలుగో రోజుకి మెట్లెక్కలేకపోయాను. డాక్టరు మోకాలి చిప్ప కింద సుత్తితో తట్టినా కాలు ఎగరలేదు. రెండు కాళ్ళలోనూ ఒకేలా నీరసం, అది కింది నుంచి పైకి పాకడం, తడితే ఎగరాల్సిన కాలు ఎగరకపోవడం. ఈ మూడూ కలిస్తే ముందు అనుమానించాల్సింది గిలియన్ బారే సిండ్రోమ్‌ని, అంటే ఒంటి రక్షణ వ్యవస్థే నరాల మీద దాడి చేసే జబ్బుని. జీబీఎస్ అంటారు.

దెబ్బ ఎక్కడ తగిలిందో తెలిశాకే నాకు మిగతాదంతా అర్థమైంది. పాదాన్ని కదిపే నాడీకణం అసలు దేహం వెన్నుపాములో ఉంటుంది. దాని ఆక్సాన్, అంటే సంకేతాన్ని మోసే తీగలాంటి కొమ్మ, దాదాపు మీటరు పొడవున కిందికి దిగుతుంది. ఆక్సాన్ చుట్టూ కరెంటు తీగ తొడుగులా ఉండే మైలిన్ పొరని చుట్టేది మాత్రం ఆ కణం కాదు, పక్కనుండే ష్వాన్ కణం. అది ఒకే ఆక్సాన్‌కి, అదీ సుమారు మిల్లీమీటరు ముక్కకే, చాప చుట్టినట్టు పదుల చుట్లు చుడుతుంది. అంటే ఒక్క ఆక్సాన్ మీద వెయ్యి దాకా ష్వాన్ కణాలు వరుసగా ఉంటాయి. రెండింటి మధ్య మైక్రాన్ వెడల్పు సందే రాన్వియర్ కణుపు. సంకేతాన్ని మళ్ళీ పుట్టించే సోడియం ద్వారాలు గుంపుగా ఉండేది అక్కడే. సంకేతం కణుపు నుంచి కణుపుకి గెంతుతూ సెకనుకి 50 మీటర్ల దాకా వేగంతో పోతుంది. మైలిన్ ఊడితే కరెంటు దారిలోనే కారిపోయి తర్వాతి కణుపుని చేరదు. కండరం బాగానే ఉంటుంది, దానికి కబురే అందదు.

ఇన్‌ఫెక్షన్ మీదికి తయారైన యాంటీబాడీలు దారితప్పి ష్వాన్ కణాలకి అంటుకోవడం, మాక్రోఫేజ్‌లు (మింగి శుభ్రం చేసే రక్షణ కణాలు) వచ్చి మైలిన్‌ని ఒలిచేయడం దీని మూలం. మెదడులోనూ వెన్నుపాములోనూ మైలిన్ చుట్టేవి ఆలిగోడెండ్రోసైట్లు, వేరే జాతి కణాలు. అందుకే నా ఆలోచన, జ్ఞాపకం చెక్కుచెదరలేదు.

మొదటి వారంలో తీసిన వెన్ను నీరు మామూలుగానే ఉంది. జీబీఎస్ కాదేమో అనుకుని చాలామంది ఇక్కడే మోసపోతారు. అందులో ప్రొటీన్ పెరగడం రెండో వారానికిగానీ స్పష్టంగా కనబడకపోవచ్చు.

అన్నిటికన్నా భయపడాల్సింది ఊపిరి గురించి. వేలికి పెట్టే ఆక్సిజన్ అంకె చూసి ధైర్యపడకూడదు, అది పడిపోయేది చివర్లో. చూడాల్సింది నిండా పీల్చి ఒక్క బిగిన వదలగలిగే గాలి. కిలోకి 20 మిల్లీలీటర్ల కన్నా తగ్గితే వెంటిలేటర్‌కి సిద్ధం కావాలి. నా 60 కిలోలకి ఆ గీత 1,200. నాలుగు గంటలకోసారి కొలిచారు, 1,500 దగ్గర ఆగింది. గుండె వేగం, బీపీ కూడా ఎగుడుదిగుడు అవుతాయి కాబట్టి మానిటర్ తీయనివ్వకూడదు.

మందు ఐవీఐజీ, అంటే దాతల రక్తం నుంచి తీసి నరంలోకి ఎక్కించే యాంటీబాడీలు: రోజుకి కిలోకి 0.4 గ్రాములు, ఐదు రోజులు. నాకు రోజుకి 24 గ్రాములు, మొత్తం 120. వేగంగా ఎక్కిస్తే తలనొప్పి, చలి. రక్తంలోని ప్లాస్మా మార్చడం కూడా దీనికి సమానంగా పనిచేస్తుంది. స్టెరాయిడ్లు పనిచేయవు. ఐవీఐజీ దాడిని అణచగలదుగానీ ఊడిన పొరని అతికించలేదు. కోర్సు అయ్యాక ఇంకో మూడు రోజులు నీరసం పెరిగిందంటే మందు విఫలమైనట్టు కాదు.

అతికించేది మళ్ళీ ష్వాన్ కణాలే. అవి వెనక్కి పసితనానికి వెళ్ళి, విభజన చెంది, చెత్త తీసి, కొత్తగా చుడతాయి. దీనికి వారాల నుంచి నెలలు పడుతుంది. ఆక్సానే తెగి ఉంటే అది రోజుకి సుమారు మిల్లీమీటరు చొప్పున పెరగాలి, తుంటి నుంచి పాదానికి రెండేళ్ళు దాటవచ్చు. నాకు తొడల్లో ముందు, పాదాల్లో ఆఖరున బలం వచ్చింది. ఆ లోపు మడమ బిగుసుకుపోకుండా రాత్రిళ్ళు స్ప్లింట్ కట్టారు. ఫిజియోథెరపీ అలసటకి ముందే ఆపాలి. మర్నాడు నీరసం పెరిగిందంటే నిన్న ఎక్కువ చేసినట్టే.

ఆరు నెలలకి నడుస్తున్నాను. కాలి నరంలో సంకేతం వేగం సెకనుకి 40 మీటర్లకి పైన ఉండాల్సింది, 36 మీటర్లే చూపింది. ఎందుకంటే కొత్త చుట్లు పలచన, ముక్కలు పొట్టివి, కణుపులు ఎక్కువ. మడమ దగ్గర సుత్తితో తడితే పాదం ఇంకా కదలడం లేదు.