థండారె రఖన్తు: బరంపురం ల్యాబుల్లో చేరే మనవాళ్లకు

ఇచ్ఛాపురం దాటితే ఒడిశా. 1936 దాకా గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే కాబట్టి బరంపురం బజార్లో తెలుగుతో నెట్టుకురావచ్చు. కొరియర్ ఆఫీసులోనూ ల్యాబ్ గేటు దగ్గరా మాత్రం రెండు ముక్కల ఒడియా రావాలి, ముఖ్యంగా ఫ్లో సైటోమెట్రీకి (రంగు అంటించిన కణాల్ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపి కొలిచే పద్ధతి) కావలసిన యాంటీబాడీల పెట్టె వచ్చే రోజున. చల్లగా ఉంచమంటే చాలామంది తీసుకెళ్లి ఫ్రీజర్లో పెట్టేస్తారు. యాంటీబాడీలకి అంటించే వెలిగే రంగుల్లో పీఈ, ఏపీసీ రెండూ ప్రొటీన్లే, గడ్డకడితే పాడైపోతాయి. అందుకే ఈ మాట కంఠతా పట్టండి: "థండారె రఖన్తు, ఫ్రిజర్‌రె నుహెఁ." అంటే చల్లగా ఉంచండి, ఫ్రీజర్లో కాదు. కావలసింది 2 నుంచి 8 డిగ్రీలు. మామూలు ఇంటి ఫ్రిజ్ అయితే సీసాను వెనక గోడకి ఆనించకండి. జూన్ మధ్యలో రజ పండుగ సెలవులుంటాయి, ఆ వారంలో సరుకు తెప్పించుకోవద్దు.

ఈ రంగులతో మనం వెతికేది కేన్సర్ కణం రోగనిరోధక వ్యవస్థ కన్నుగప్పడానికి వాడే ప్రొటీన్లని. కేన్సర్ కణం మీది పీడీ-ఎల్1 వెళ్లి, దాడికి వచ్చే రోగనిరోధక కణమైన టీ-కణం మీది పీడీ-1కి అతుక్కుని దాని దూకుడు తగ్గిస్తుంది. పీడీ-1ని 1992లో బయటపెట్టిన తసుకు హోంజోకి 2018లో నోబెల్ వచ్చింది. సీడీ47 అయితే కణాల్ని మింగే మాక్రోఫేజ్‌కి "నన్ను తినొద్దు" అని చెబుతుంది.

కొత్తగా చేరినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మెషీన్ దగ్గర కాదు, కణాలు పెంచే ఫ్లాస్కు దగ్గర. ప్లాస్టిక్‌కి అతుక్కున్న కణాల్ని అలవాటుగా ట్రిప్సిన్‌తో లేపుతారు. ట్రిప్సిన్ ప్రొటీన్లని కోసే కత్తి, కణం పైపొరలో ఉన్నవాటినీ కోసేస్తుంది. వెతుకుతున్నదాన్నే చెక్కేసి, ఆనక "పీడీ-ఎల్1 లేదు" అని రాసుకుంటే ఏం లాభం? కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్‌లో (కణాలకు సరిపడే ఉప్పు ద్రావణం) 2 నుంచి 5 మిల్లీమోలార్ ఈడీటీఏ (కాల్షియాన్ని పట్టేసి కణాల అతుకు వదిలించే రసాయనం) పోసి, 37 డిగ్రీల దగ్గర 5–10 నిమిషాలు ఉంచి, ఫ్లాస్కుని అరచేత్తో తట్టండి. నమ్మకం కుదరకపోతే ఒక ఫ్లాస్కు ఇలా, ఇంకోటి ట్రిప్సిన్‌తో లేపి పక్కపక్కన పోల్చుకోండి.

చనిపోయిన కణాలు ఏ యాంటీబాడీనైనా పీల్చేసుకుంటాయి, కాబట్టి ముందు వాటిని గుర్తుపట్టే రంగు వేయాలి. అది సీరమ్ లేని పీబీఎస్‌లోనే వేయాలి, సీరమ్ ఉంటే అందులోని ప్రొటీన్లే రంగుని తినేస్తాయి. తర్వాత పది నిమిషాలు ఎఫ్‌సీ బ్లాక్, అంటే యాంటీబాడీలు తోకతో ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా ఆపేది. ఆపైన యాంటీబాడీ: 10 లక్షల కణాలు, 100 మైక్రోలీటర్లు, 20–30 నిమిషాలు చీకట్లో, 4 డిగ్రీల దగ్గర. వెచ్చదనంలో ఉంచితే పైపొర ప్రొటీన్లు కణం లోపలికి జారుకుంటాయి.

యాంటీబాడీకి కంపెనీ చెప్పిన 5 మైక్రోలీటర్లు మీ కణాలకి సరిపోవాలని లేదు. దాన్ని సగం చేస్తూ ఆరు ట్యూబులు పెట్టి చూడండి. వెలిగే గుంపుకీ వెలగని గుంపుకీ మధ్య ఎడం ఎక్కడ బాగా తేలితే ఆ మోతాదే మీది. ఎక్కువ పోస్తే వెలగని గుంపు కూడా మెరవడం మొదలెడుతుంది.

పీఈకి సై7 అనే ఇంకో రంగు జోడించిన పీఈ-సై7 లాంటి జంట రంగులతో ఇంకా జాగ్రత్త. వెలుతురు తగిలినా, కణాల్ని ఫిక్స్ చేసి (రసాయనంతో గట్టిపరచి) రోజులకొద్దీ వదిలేసినా జంట విడిపోతుంది, సై7 పోయి ఒట్టి పీఈ వెలుగుతుంది. అదే ప్యానెల్‌లో (ఒకేసారి వేసే రంగుల జాబితాలో) పీడీ-ఎల్1 యాంటీబాడీకి పీఈ రంగు ఉందనుకోండి, జంట రంగు అంటిన ప్రతి కణమూ పీడీ-ఎల్1 ఉన్నట్టే కనిపిస్తుంది. దీన్ని పట్టుకోవాలంటే పీడీ-ఎల్1 తప్ప మిగతా రంగులన్నీ వేసిన ట్యూబు ఒకటి తప్పనిసరిగా పెట్టాలి. ఒక్క ట్యూబే కదా అని మానేయకండి.

పోలికకి రొమ్ము కేన్సర్ కణాలైన ఎండీఏ-ఎంబీ-231 మంచివి, వాటి మీద పీడీ-ఎల్1 ఎక్కువ. ఎంసీఎఫ్-7 అనే ఇంకో రొమ్ము కేన్సర్ కణాల మీద తక్కువ. మీ కణాలు అసలేమీ చూపించకపోతే ఇంటర్‌ఫెరాన్ గామా (రోగనిరోధక కణాలు వదిలే సంకేత ప్రొటీన్) మిల్లీలీటరుకి 10–20 నానోగ్రాములు వేసి 24 నుంచి 48 గంటలు ఆగండి. చాలా కణాల్లో పీడీ-ఎల్1 పైకొస్తుంది.

సీడీ47 లెక్క వేరు. అది మామూలు కణాల మీదా ఉంటుంది, ఎర్రకణాల మీద కూడా. కాబట్టి ఉందా లేదా అన్న ప్రశ్నకి అర్థం లేదు, మామూలు కణం కంటే ఎన్ని రెట్లు వెలుగుతోందో కొలవాలి. రక్తం కలిసిన నమూనాలో ఎర్రకణాల్ని ముందే పగలగొట్టి కడిగేయండి, లేదంటే యాంటీబాడీలో పెద్ద వాటా వాటికే పోతుంది, కేన్సర్ కణానికి చేరేది అడుగూబొడుగూ.